పచ్చ చుక్క పక్కనుంచే పోయింది

పోయిన వారం నన్ను యాడ విడిచిపెట్టి పోయినారో గుర్తుండాదా? మదనపల్లె మున్సిపాలిటీ హాల్లో, చెయ్యి సగం పైకెత్తి, ఎత్తిన కాడికే నిలిపేసి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడూర్ల అంబులెన్సులకీ కలిపి ఒకటే ఫోను గది పెట్టాలా వద్దా అని ఓటు పెడితే సగం మంది అటు, సగం మంది ఇటు. మిగిలింది నేనొక్కదాన్ని. "మన ఊరి ఫోను మన ఊర్లోనే మోగాల" అని ఒక జట్టు అరుస్తాంటే, "బండి బిన్నా, తొందరగా వస్తే సాలు, ఫోను యాడ మోగితే నీకేంది" అని ఇంకొక జట్టు. నాకు తిక్క లేచింది. "ఒక్క పొద్దు ఆ గదిని నడిపి సూపించండి. నేనే పోయి కూచుంటా. సాయంత్రం మీటింగులో నా చెయ్యి సంగతి చెప్తా" అనేసినాను.

ఆ పొద్దు ఈ పొద్దే.

కొత్తగా చదివేవాళ్లకి చెప్తాండాను, నా పేరు కౌసల్య. నీరుగట్టువారిపల్లెలో పిండి మిషను నాది. మిషను మోతలో మాట్లాడీ మాట్లాడీ నా గొంతు మైకు లేకుండానే రెండు వీధులు ఇనపడతాది. కౌన్సిలరుగా గెలిచింది కూడా ఆ గొంతుతోనే అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చేసుకోనీలే, ఓటు మటుకు నాకే ఏసినాడు.

గది పుంగనూరులో పెట్టినారు, మూడూర్లకీ నడిమిది అని. కింద విత్తనాల అంగడి, పైన మా గది. మెట్లెక్కుతాంటేనే వేపపిండి వాసన. లోపల గోడంత టీవీ, దాంట్లో మూడూర్ల రోడ్లు, రోడ్లమీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో బండి. బండి ఖాళీగా ఉంటే పచ్చ చుక్క, లోపల మనిషి ఉంటే ఎర్ర చుక్క. ఇవి గవర్నమెంటు బండ్లు కావు. ఊర్లోని అంగళ్లోళ్లు, రైతులు చందాలేసుకొని కొన్న బండ్లు, ఏ ఊరిది ఆ ఊరికే. అందుకే ఇంత పంచాయితీ.

టీవీ ముందర కూచుండే పిల్ల హరిత. కుప్పం పిల్ల, అంగళ్లు అనే ఊరి కాలేజీలో ఇంజనీరింగు చదివింది. చెవులకి ఫోను తగిలించుకొని, కుర్చీలో కాళ్లు మడిచి కూచునింది. ఫోనులో మాట స్పీకర్లో గదంతా ఇనపడతాది. పక్కన నాగేంద్ర సారు, ఈ గది పని చూసే ఆఫీసరు. పొద్దున్నించీ కూచోలేదు, పెళ్లికూతురి తండ్రి మాదిరి తిరగతానే ఉండాడు. వాకిలి కాడ గోడకి ఆనుకొని, చేతులు కట్టుకొని ఘని. మదనపల్లె ఊరి బండ్లకి డ్రైవర్ల పెద్ద. ఈ గది వద్దనేవాళ్లలో అందరికన్నా గట్టిగా వద్దనేది ఆయనే. "సాక్షికి వచ్చినానమ్మా, మాట్లాడేదానికి కాదు" అన్నాడు రాంగానే. సరే, గమ్మున ఉంటే అదే పదివేలు అనుకున్నాను.

మొదటి ఫోను మోగింది. నేను కుర్చీ టీవీ ముందరికి లాక్కున్నాను.

"ఎమర్జెన్సీ, చెప్పండి" అనింది హరిత.

"అమ్మా, ఈ పొద్దు యార్డులో టమాటా ఎంత పలికింది?"

మదనపల్లెలో కొత్త నంబరు ఏది పెట్టినా మొదటి ఫోను టమాటా రేటుకే వస్తాది. హరిత పగలబడి నవ్వింది, నేను నవ్వినాను, నాగేంద్ర సారు మటుకు చెమట తుడుచుకున్నాడు.

రెండోది నవ్వేది కాదు. కుప్పం అవతల రాతి క్వారీలో ఒకాయన కాలుమీద బండ పడింది. ఫోను చేసినామె సగం తెలుగు, సగం అరవం, నడిమిన కన్నడం కలిపి ఏడుస్తాంది. హరిత కూడా అదే కలగలుపు భాషలో బదులు చెప్తా, ఒక చేత్తో కుప్పం బండికి కబురు పంపించేసింది. పచ్చ చుక్క కదిలింది. క్వారీ కాడ నిలిచింది. ఎర్రగా మారింది. ఆస్పత్రి చేరుకొని మళ్లా పచ్చగా అయింది. నేను కుర్చీలో నించి లేచి నిలబడి ఉండాను, లేచినట్టు నాకే తెలీదు.

"అబ్బా, ఏముండాదే పిల్లా ఇది!" అన్నాను. నిజం చెప్తాండాను, అప్పటికే నా చెయ్యి మనసులో పూర్తిగా పైకి లేచేసింది. ఘనిని సూసినాను, ఎట్లుండాది అన్నట్టు. ఆయన టీవీని సూడలేదు, కింద సూస్తాండాడు.

అప్పుడొచ్చింది మూడో ఫోను.

"అమ్మా... అమ్మా, మా ఆయన... గొర్రెల ఆటో బోల్తా పడిందమ్మా. కాలు కింద ఇరుక్కునింది. ఇప్పుడే లాగినారు. రగతం నిలస్తా లేదు."

"యాడుండారమ్మా? పేరేంది?" హరిత నవ్వు యాడికి పోయిందో, గొంతు గట్టిపడింది.

"కాంతమ్మ. మాది కురబలకోట. పుంగనూరు సంతకి గొర్రెలు తోలుకొస్తాండాం. మదనపల్లె దాటినాంక చింతమాన్ల మలుపు... మా ఆయన పేరు గురప్ప. బండి పంపీయమ్మా, నీకు పుణ్యముంటాది."

"పంపిస్తాం. కాంతమ్మా, ఇనండి. ఏదన్నా గుడ్డ తీసుకొని రక్తమొచ్చే కాడ గట్టిగా అదిమి పట్టుకోండి. ఎంత నొప్పనినా వదలొద్దు. ఫోను కూడా పెట్టేయొద్దు."

హరిత టీవీ వైపు తిరిగింది. మదనపల్లె బండి ఒకటి అంగళ్లు వైపు ఎర్రగా ఉండాది. రెండోది షెడ్డులో చక్రాలూడదీసి పెట్టినారు.  అంతలో ఆ పిల్ల కుర్చీలో ఎగిరినంత పని చేసింది.

"అక్కా, సూడు! పుంగనూరు బండి! మదనపల్లె ఆస్పత్రిలో ఎవర్నో దించి ఖాళీగా వెనక్కొస్తాంది. ఆ రోడ్లోనే! మలుపుకి దగ్గర్లోనే ఉండాది!"

నిజమే. పచ్చ చుక్క ఒకటి గుండ్రంగా, ముద్దుగా, సరిగ్గా ఆ చింతమాన్ల మలుపుకేసే జరుగుతాంది. నాగేంద్ర సారు చప్పట్లు కొట్టినాడు. "చూశారా మేడమ్? ఇంతకాలం ఈ బండి ఇలా వస్తున్నట్టు మదనపల్లె వాళ్లకి తెలిసేదే కాదు. ఇదే మేం చెప్పేది!"

హరిత డ్రైవరుకి ఫోను కలిపింది. ఆపేసి ఉండాది. మళ్లా కలిపింది. ఆపేసే ఉండాది.

"పోనీలే, రోడ్డుమీద జనముంటారు కదా, సూసి నిలపడా" అన్నాను నేను.

చుక్క మలుపు కాడికొచ్చింది. ఫోనులో కాంతమ్మ అరుస్తాంది. "వచ్చిందమ్మా! అదో, తెల్ల బండి! వచ్చేసింది సామీ!" మేము ముగ్గురం టీవీకి అతుక్కున్నాం.

చుక్క నిలబళ్లేదు.

మలుపు తిరిగి, పచ్చగా, పక్కనుంచే పోయింది.

"పోయిందమ్మా!" కాంతమ్మ గొంతు పగిలింది. "నేను అడ్డం పోయినా. కొంగూపినా. నిలపలేదమ్మా, పక్కకి తిప్పుకొని పోయినాడు!" ఆమె వెనకాల మగోళ్ల తిట్లు, ఎవడో "వీడియో తీసినాన్రా, నంబరు పడింది" అని అరవడం ఇనపడతాంది.

"నెట్‌వర్క్ సమస్య అయ్యుంటుంది..." అన్నాడు నాగేంద్ర సారు.

"నెట్‌వర్క్ ఏంది సార్? కళ్లకి కూడా నెట్‌వర్క్ కావాల్నా?" నా కోపం నెత్తికెక్కింది. "నడిరోడ్లో ఆడమనిషి కొంగు ఊపుతాంటే నిలపకుండా పోయేవాడు మనిషా, మానా?"

గోడకాడ నించి ఘని మాట ఇనపడింది. "వాడు నిలపడమ్మా."

తిరిగి సూసినాను. ముసలాయన కట్టుకున్న చేతులు విడిచినాడు.

"ఏమన్నావప్పా?"

"వాడు నిలపడు. ఫోను కూడా తియ్యడు. మూడూర్ల డ్రైవర్లకీ ఒక కట్టుబాటుండాది. పరాయి ఊరి పొలిమేరలో ఖాళీ బండి వస్తాంటే, ఎవురు చెయ్యెత్తినా నిలపకూడదు. ఫోను ఆపేసుకోవాల. పొలిమేర టీ కొట్టు కాడికి చేరినాంకనే తెరవాల."

"ఏ కాగితంలో ఉండాది ఇది?" అన్నాడు నాగేంద్ర సారు బిత్తరపోయి.

"కాగితంలో ఎందుకుంటాది సార్? చేతిలో చెయ్యేసి అనుకున్న మాట. ఆ మాట పెట్టించింది నేనే. ఆ బండి తోలతాండేది నా చెల్లెలి కొడుకు, ఇక్బాల్."

  నా నోట్లో నించి తుఫానే వచ్చింది. "థూ! నీ కట్టుబాటు కాలిపోనూ! ఆడొక మనిషి ప్రాణం పోతాంటే పొలిమేరలు సూస్తారా మీరు? అన్నం తినే పనేనా ఇది?"

ఘని నన్ను నేరుగా సూసినాడు.

"మా బావ, ఇక్బాల్ నాయన, అన్నం తినే మనిషే తల్లీ. పుంగనూరు బండి తోలతా ఉండె. ఒక పొద్దు ఇట్లనే ఖాళీగా వస్తాంటే మదనపల్లె మనిషిని రోడ్డుమీద సూసి ఎక్కించుకున్నాడు. ఆ మనిషి దారిలోనే పోయినాడు. 'మా ఊరి బండి వస్తాంటే నువ్వెవురు ఎక్కించుకునేదానికి, నువ్వే చంపినావు' అని ఆస్పత్రి గేటు కాడ జనం కొట్టినారు. మా బావ మళ్లా కాళ్లమీద నిలబళ్లేదు. మంచంలోనే పోయినాడు. ఆ పొద్దు ఆయన పక్కన ఎవురు నిలబడినారు? ఏ కౌన్సిలరు వచ్చినాడు, ఏ ఆఫీసరు వచ్చినాడు? మీ టీవీలో చుక్కలు బాగుండాయి. ఆ చుక్కలో ఉండేవాడిని కొడితే మీ గది ఏం చేస్తాది?"

నా కోపం యాడిదాడనే నిలిచిపోయింది. నాగేంద్ర సారు కూడా కుర్చీలో కూచుండిపోయినాడు, పొద్దున్నించీ మొదటిసారి.

"అక్కా" అనింది హరిత చిన్నగా. "చుక్క నిలిచింది. పొలిమేర కాడ."

"టీ కొట్టు" అన్నాడు ఘని. "మా చెల్లెలు మైమూన్ బీది. వాడి అమ్మ."

"అయితే ఆమెకి ఫోను చెయ్యి! బిన్నా!"

"నక్కో, వద్దమ్మా." ఆయన ఫోను జేబులోకి తోసేసినాడు. "మొగుణ్ణి అట్ల పోగొట్టుకున్నదాన్ని, కొడుకుని పంపించు అని ఏ నోటితో అడిగేది?"

"నీ నోరు వద్దు, నా నోరుండాది కదా. నంబరు చెప్పు!"

చెప్పినాడు, హరిత కలిపింది.  అవతల స్టవ్వు మోత, గ్లాసుల చప్పుడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. అవతల స్టవ్వు ఆగిపోయింది.

"కౌసల్యమ్మా, నీ పిండి మిషను తెలుసు నాకు. మంచిదానివే" అనింది మైమూన్ బీ. "నీకు కొడుకుండాడా?"

"ఉండాడు."

"వాడిని పంపించు."

దానికి నేనేం చెప్పేది?  రెండు వీధులు ఇనపడే నా గొంతు ఆమె ఒక్క మాట ముందర పనికిరాలేదు.

హరిత నా మోచెయ్యి గిల్లింది. "అక్కా, కాంతమ్మ ఇంకా లైన్లోనే ఉండాది. ఇద్దర్నీ కలపనా?"

"కలుపు."

ఏదో మీట నొక్కింది. ఒక పక్క టీ కొట్టు, ఇంకొక పక్క చింతమాన్ల మలుపు, నడిమిన మేము.

"ఎవురూ?" అనింది కాంతమ్మ. ఏడ్చీ ఏడ్చీ గొంతు బొంగురుపోయింది. "అదిమి పట్టుకోమన్నారు, పట్టుకోనుండానమ్మా. గుడ్డ తడిసిపోయింది. ఇంకొక గుడ్డ పెట్టినా. బండి ఒకటి వచ్చి నిలపకుండా పోయింది."

"ఎట్లుండాది బండి?" మైమూన్ బీ అడిగింది.

"తెల్లంగా. పుంగనూరు అని రాసుండాది."

 మైమూన్ బీ అనింది, "అది నా కొడుకు బండి."

నేను కళ్లు మూసుకున్నాను. ఇంక కాంతమ్మ తిడతాది, శాపాలు పెడతాది, అంతా అయిపోయింది అనుకున్నాను.

"నీ కొడుకా తల్లీ?" అనింది కాంతమ్మ. "నా చెయ్యి కనపళ్లేదేమో పిల్లోడికి. ఈసారి ఇంకా పైకెత్తి ఊపుతా అని చెప్పమ్మా. నడిరోడ్లో నిలబడి ఊపుతా. నిలపమని చెప్పు."

హరిత కళ్లల్లో నీళ్లు కారతాండాయి, చేతులు మటుకు మీటల మీదనే ఉండాయి. నా సంగతి అడగబాకండి.

"ఇక్బాల్!" మైమూన్ బీ అరుపుకి ఫోను గీరింది. "గ్లాసు కింద పెట్టు. బండి తిప్పు."

"అమ్మీ, కట్టుబాటు..." పిల్లోడి గొంతు దూరంగా. "మామూ మాట ఇచ్చినాడు కదా. మామూ చెప్తేనే."

అందరం ఘనిని సూసినాం. ఆయన ఫోను కాడికి రాలేదు, నా కాడికి వచ్చినాడు.

"ఆస్పత్రి గేటు కాడ వాడి పక్కన నువ్వు నిలబడతావా?"

"నిలబడతా."

"మాట?"

"మాట." చెయ్యి చాపి ఆయన చేతిలో వేసినాను. వాళ్ల కట్టుబాటు చేతిలో చెయ్యేసే కదా పుట్టింది, పోయేది కూడా అట్లనే పోనీ.

ఘని ఫోను మీదికి వంగినాడు. "బేటా, పో. కట్టుబాటు నేను పెట్టినా, నేనే తీసేస్తాండా. పో."

"వాడొక్కడే పోడు" అనింది మైమూన్ బీ. "నేనూ ఎక్కుతాండా. ఈసారి కొట్టేవాళ్లుంటే ముందు నన్ను కొట్టాల."

తలుపు దబ్బున పడిన చప్పుడు. సైరను మోగింది, ఫోనులో నించే మా గదంతా మోగింది. పచ్చ చుక్క గిర్రున తిరిగి వచ్చిన దోవనే వెనక్కి పరిగెత్తింది. అది పరుగే అప్పా, నేను కళ్లారా సూసినాను! "పోనీ, పోనీ, పోనీ!" అని నేను టీవీ ముందర అరుస్తాండా, నాగేంద్ర సారు బల్ల కొడతాండాడు, కింద విత్తనాల అంగడాయన ఏమైందో అని మెట్లెక్కి వచ్చినాడు. చుక్క మలుపు కాడ నిలిచింది. నిలిచింది! ఎర్రగా మారింది. కాంతమ్మ ఫోనులో "ఎక్కించినారమ్మా, ఎక్కించినారు, ఊపిరుండాది" అని చెప్పి పెట్టేసింది. నేను హరితని కౌగిలించుకుంటే ఆ పిల్ల చెవి ఫోను ఊడి కింద పడింది.

"యాడికి తీసుకుపోతాండారు?" అన్నాను రోంత ఊపిరి తిరిగినాంక. ఎర్ర చుక్క అప్పటికే మలుపు దాటి చాలా దూరం పోయింది.

"మదనపల్లెకే అక్కా. ఇంత రక్తం పోతే పెద్ద డాక్టర్లు ఆడనే ఉండేది."

మదనపల్లె. నేను ఉండేది పుంగనూరులో. ఆస్పత్రి గేటు కాడ నిలబడతానని చేతిలో చెయ్యేసినది ఈడ, ఆ గేటు ఆడ. ఎంత ఎగిరిపోయినా బండి నాకన్నా ముందరే చేరతాది. ఘనికి అది అప్పుడే అర్థమైంది, నాకూ అప్పుడే అర్థమైంది. నేను సంచి తీసుకొని మెట్ల కాడికి ఉరికినాను. రెండు మెట్లు కూడా దిగలేదు, వెనకాల ఫోను మోగింది.

"ఎమర్జెన్సీ, చెప్పండి."

"కౌసల్యమ్మ యాడుండాది?" మైమూన్ బీ గొంతు. వెనకాల జాతర మాదిరి జనం మోత. "మలుపు కాడి మగోళ్లు బైకుల్లో వెంట తరుముకొచ్చి ఆస్పత్రి గేటు కాడ అడ్డం పడినారు. ముందర నిలపకుండా పోయింది ఈ బండేనని వీడియో అందరికీ సూపిస్తాండారు. నా కొడుకుని బండిలో నించి కిందికి లాగతాండారు. పక్కన నిలబడతా అనింది కదా, యాడుండాది?"

నేను వెనక్కి పరిగెత్తి ఆ పిల్ల ముందరి ఫోను లాక్కున్నాను. "మైమూన్ బీ, స్పీకరు పెట్టి ఫోను పైకెత్తు!"

పిండి మిషను మోతని దాటేదానికి ఎట్ల అరిచేదో అట్లనే అరిచినాను. "ఏయ్! నేను కౌసల్యని మాట్లాడతాండా! కౌన్సిలరు కౌసల్యని! ఆ పిల్లోడి మీద చెయ్యేస్తే ఊరుకోను. బండిని వెనక్కి పంపించింది నేను, అడిగేదుంటే నన్నడగండి. వస్తాండా ఆడికే!"

మోత తగ్గింది. నా గొంతు వాళ్లకి తెలుసు. ఒక్క మగ గొంతు మటుకు తగ్గలేదు.

"వెనక్కి పంపించినావు, సరేమ్మా. ముందర నిలపొద్దని చెప్పిందెవురు? వాడి పేరు చెప్పు, వీణ్ణి వదిలేస్తాం."

నేను ఘనిని సూడకూడదు అనుకున్నాను. సూసినాను. ఆయన నెత్తిమీద టోపీ సరిచేసుకొని, నన్ను పక్కకి జరిపి, ఫోను మీదికి వంగినాడు.

"నేను" అన్నాడు. "మదనపల్లె డ్రైవరు ఘనిని. చెప్పింది నేను."

అవతల ఒక్కసారిగా అరుపులు. అద్దం పగిలిన చప్పుడు. ఫోను ఠక్కున ఆగిపోయింది.

"ఆస్పత్రి చేరిపోయినారు కదా, గురప్పకి ఏం కాదు" అన్నాను నేను, ఎవురికి చెప్తాండానో నాకే తెలీదు. "చేరిపోయినారు కదే?"

 హరిత టీవీ కేసి వేలు సూపించింది. చుక్క గేటు బయటే నిలిచిపోయి ఉండాది.

"అక్కా," అనింది ఆ పిల్ల, "చుక్క ఇంకా ఎర్రగానే ఉండాది. గురప్పని ఎవురూ దించలేదు."